ఇంటావంటా లేదన్నాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండే మాటలు. "లేదు సార్." అంతే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే నోరు పెగిలేది కాదు.

మార్కాపురంలో నాకు విత్తనాల దుకాణం ఉంది. హనుమంతునిపాడు నుంచీ దొనకొండ నుంచీ రైతులు వస్తారు. కంది సంచి చేతిలోకి తీసుకోగానే, ఈ విత్తనం ఎక్కడిది, పోయినేడు ఎట్లా పండింది అని అడుగుతారు. నేనెప్పుడూ దాచలేదు. మొలక సరిగా రాకపోతే రాలేదనే చెప్పాను. నిజాయితీపరుడినని బజారులో పేరు. ఆ పేరు వింటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

ముప్ఫయ్యో ఏట నాకు డిప్రెషన్ వచ్చింది. మూడు నెలలు దుకాణం తెరవలేదు. లేచి మొహం కడుక్కోవడమే కొండ ఎక్కినంత పని. ఇంట్లో కడుపులో అల్సర్ అని చెప్పాను. సరుకు కోసమని కర్నూలు వెళ్ళి డాక్టర్‌కు చూపించుకున్నాను. మాత్రలు పనిచేశాయి. అప్పటి నుంచి వాటిని షీటులోంచి తీసి, గ్యాస్ మాత్రల డబ్బాలో పోసుకుని మింగుతున్నాను. పాపం, నా భార్య ఆ అల్సర్‌ను నమ్మి ఇరవై రెండేళ్ళుగా నాకు వేరుగా కారం లేని పప్పు వండుతోంది. మిరపకాయ లేనిదే ముద్ద దిగని చోట పుట్టి, ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇన్నేళ్ళు ఆ చప్పటి తిండి తిన్నాను!

మా నాయనకూ ఉండేది. ఏడాదికోసారి నెలో రెండు నెలలో ఎవరితోనూ మాట్లాడక గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో దానికి మౌనవ్రతం అని పేరు పెట్టారు. వ్రతమంటే ఎవరూ ఎందుకని అడగరు కదా.

మా అమ్మాయి శ్రావణికి పంతొమ్మిదేళ్ళప్పుడు అదే వచ్చింది. కాలేజీ మానేసి మంచం పట్టింది. చూడగానే నేను గుర్తుపట్టాను. ఒంగోలులో డాక్టర్ ముందు మేం ముగ్గురం కూర్చున్నాం. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా అని ఆయన నన్నే చూసి అడిగాడు. లేదు సార్ అన్నాను. ఎందుకన్నాను? పిల్లకు సంబంధాలు రావనా? చాలాకాలం అట్లాగే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. పక్కన భార్య ఉంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు, మనసు చెడినవాడిగా కనబడటానికి సిగ్గేసింది. నా పరువు కోసం అన్నాను, పిల్ల కోసం కాదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని శ్రావణి అడిగింది.

"మీరంతా బాగనే ఉన్నారు కదా నాయనా. నాకొక్కదానికే ఏందిట్ల?"

"ఏమో తల్లీ. మన ఇంటావంటా లేదు. నువ్వే మనసు గట్టి చేసుకోవాల."

జేబులో డబ్బా పెట్టుకుని ఆ మాటన్నాను. చూడండి నా గొప్పతనం.

ఆమె నమ్మింది. తప్పంతా తనలోనే ఉందనుకుంది. మీరంతా ఇట్లాంటి మాత్రల్లేకుండానే బతుకుతున్నారు కదా అంటూ రెండుసార్లు మందు తనంతట తనే మానేసింది. రెండుసార్లూ మళ్ళీ మంచం పట్టింది. మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఒకసారి నేనూ అట్లాగే మానేసి పడ్డాను. నేనూ వేసుకుంటున్నాను తల్లీ అని ఒక్క మాట అంటే చాలు. పక్కన కూర్చుని తల నిమిరాను గానీ ఆ మాట మాత్రం అనలేదు. తండ్రి చేసే పనేనా ఇది?

పోయిన నెల నేనూ శ్రావణీ కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె ఓపికగా చెప్పింది. ఇది ఏదో ఒక్క జన్యువు తెచ్చే జబ్బు కాదట. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ వచ్చే చిన్న చిన్న తేడాలు ఎన్నో కలిసి ముప్పును కొంత పెంచుతాయట. అవి ఉన్నంత మాత్రాన జబ్బు రావాలనీ లేదు, రానివాళ్ళు గట్టివాళ్ళనీ కాదు. నాకు వెంటనే అర్థమైంది. ఒకే సంచిలోని కంది ఒక చేలో నిలబడుతుంది, పక్క చేలో ఎండిపోతుంది. మనసు గట్టి చేసుకోమని ఎండిన మొక్కకు ఏ రైతూ చెప్పడు. నేను చెప్పాను.

బయట కూర్చున్నాక కుటుంబ వివరాల కాగితం ఇచ్చారు. "నువ్వే నింపు నాయనా, నీ రాత బాగుంటది" అని శ్రావణి నా చేతికిచ్చింది. పేరూ వయసూ ముందు నింపాను. చివరికి రాశాను. తండ్రికి ఉంది, ఇరవై రెండేళ్ళుగా మందు వాడుతున్నాడు, తాతకూ ఉండేది.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది.

"గ్యాస్ మాత్రలు?"

"గ్యాస్‌వి కావు తల్లీ."

కాగితం తీసుకుని ఒక్కతే లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

ఇంటికొచ్చి భార్యకూ చెప్పాను. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు వేరుగా పప్పు వండటం లేదు.

శ్రావణి నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. క్షమించమని నేనూ అడగలేదు, ఏ మొహం పెట్టుకుని అడగను? గుండె కాస్త తేలికైందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది. కానీ తేలికైంది. మాత్రల షీటును ఇప్పుడు అందరం అన్నం తినే చోటే పెడుతున్నాను. నిన్న భోజనమయ్యాక నాది తీసుకున్నాను. శ్రావణి నా వైపు ఒకసారి చూసి తనది తీసుకుంది. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఈ జబ్బుకు మందు మింగేది ఇద్దరం. ఆమె మాత్రం తనొక్కతే అనుకుంటూ మింగింది.