శుక్రవారం గోనెపట్టా మీద ఎండిన అంట్లు

మొన్న మా మేనకోడలు, కడియం దగ్గర తను చూసుకుంటున్న నర్సరీకి రమ్మని నన్ను కారెక్కించి తీసుకెళ్ళింది. పచ్చటి వల పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని మామిడి అంట్లు కడుతుంటే నా చేతులు ఊరుకుంటాయా, నేనూ ఒక పీట లాక్కుని వాళ్ళ మధ్య కూలబడ్డాను. పక్కనున్న అమ్మాయి ఎండిపోయిన అంటొకటి చేతికి తగలగానే అటూ ఇటూ చూసి, దాన్ని గబుక్కున సంచుల కిందికి తోసేసింది. ఎందుకమ్మా అంటే, ఎండిన మొక్క కనబడితే కట్టినవాళ్ళ పేరుతో సహా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారండి అని మెల్లగా చెప్పింది. ఆ ఏర్పాటు మా మేనకోడలిదే. నా ప్రాణం ఉసూరుమంది.

అంటు కట్టడం చూడ్డానికి తేలికే. టెంక నాటి మొలిపించిన మొక్కనీ, మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్లనీ చెక్కి, ఒకదానికొకటి ఆనించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టడం, అంతే. కానీ ఎంత చేయి తిరిగినవాళ్ళు కట్టినా కొన్ని పోతాయి. చిన్నప్పుడు నేనూ ఇలాంటి నర్సరీలోనే పనిలో చేరాను, అప్పటికి అంట్లు కట్టే షెడ్డుకి మా మేనత్త పెద్ద. ఆవిడకి ముందున్న మేస్త్రీ అంటు పోతే నలుగురిలో నిలబెట్టి దులిపేసేవాడట, అందుకని అందరూ పోయినవాటిని అన్నాల వేళ పెంటగొయ్యిలో వేసి మట్టి కప్పేసేవారట. ఎందుకు పోతున్నాయో ఎవరికీ తెలిసేది కాదు, తెలియదు గనక మళ్ళీ అలాగే పోయేవి.

మా అత్త ఆ మేస్త్రీ స్థానంలోకి వచ్చాక ఆ గొయ్యి జోలికి ఎవరూ వెళ్ళలేదు. ప్రతి శుక్రవారం అన్నాలు తిన్నాక గోనెపట్టా పరిచి, వారంలో పోయిన అంట్లన్నీ దాని మీద పోయించేది. ముందు తనది తీసేది. "ఇదిగో నా ఘనకార్యం, చూడండర్రా" అని పట్టీ విప్పి, నిలువునా చీల్చి, లోపల నల్లబడ్డ చోటు చూపించేది. కత్తి తడిగా ఉందనో, కట్టు వదులై నీళ్ళు దిగాయనో తలా ఒక మాట అనేవాళ్ళం, ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకునేవాళ్ళం. ఎవరు కట్టారని మాత్రం ఆవిడ ఏనాడూ అడగలేదు, కాసేపటికి మేమే నాదంటే నాదని ఒప్పేసుకునేవాళ్ళం. మా ఆయన కాలు విరిగి మంచాన ఉన్న రోజులవి, ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు, పొయ్యి వెలగాలంటే నా పనే ఆధారం. అయినా ఆ శుక్రవారం కోసం ఎదురుచూసేదాన్నంటే మీరు నమ్మాలి.

ఆ రోజుల్లోనే నా వల్ల పెద్ద పొరపాటు జరిగింది. చెట్టు మీద నుంచి తెచ్చే పుల్లలకి ముందే ఆకులు దూసేస్తారు, ఇక ఏ రకమో పోల్చుకోవడం బ్రహ్మతరం కూడా కాదు. తడిగోనెలో చుట్టిన కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి పుల్లల కట్టా, పంచదార కలశ రకం కట్టా పక్కపక్కన పెట్టుకున్నాను. రకం పేరు రాసిన చీటీలు తడిసి ఊడిపోయాయి. ఇదే అదై ఉంటుందిలే అని నా అంతట నేనే అనుకుని, రెండు రోజులు కట్టుకుంటూ పోయాను. తరవాత చూసుకుంటే ఏది ఏదో నాకే తెలియలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నాలుగైదేళ్ళకి ఎవరో రైతు తోటలో కాపు కాసినప్పుడే బయటపడుతుంది. చెబితే పని పోతుందేమో, పిల్లల నోటికాడ కూడు పోతుందేమో. ఆ రెంటి మధ్య నలిగి నలిగి, శుక్రవారం గోనెపట్టా ముందు కూర్చోగానే ఏడుస్తూ మొత్తం కక్కేశాను.

అత్త చేతిలో కత్తి పక్కన పెట్టింది. "ఇదే తప్పు నేనూ చేశానే. ఆ మేస్త్రీకి భయపడి నోరు మెదపలేదు. అయిదేళ్ళకి ఆ మొక్కలు కొన్న రైతు, అడిగిన రకం కాదని బుట్టెడు కాయలు తెచ్చి మా ముందు పోశాడు. తప్పు ఇంకో ఆవిడ మీదకి పోయింది, పని మానిపించేశారు. నేను చూస్తూ ఊరుకున్నాను" అంది.  అప్పుడు నన్ను వెంటబెట్టుకుని నర్సరీ ఆసామి దగ్గరకెళ్ళి తనే చెప్పింది. ఆయన చిరచిరలాడాడు గానీ ఆ మొక్కల్ని రకం పేరుతో అమ్మకుండా పక్కన పెట్టించాడు, నా పని పోలేదు. ఆ మరుసటి వారం మేమందరం కూర్చుని, ఇకమీదట ప్రతి కట్టలోనూ ఒక్క పుల్లకి ఆకులు దూయకుండా వదిలేయాలని అనుకున్నాం. ఆకు నలిపి వాసన చూస్తే రకం తెలిసిపోయేది. మళ్ళీ ఆ తప్పు మా షెడ్డులో జరగలేదు.

అత్త పోయాక షెడ్డు పెద్దరికం నాకొచ్చింది. కొన్నేళ్ళు అలాగే నడిపాను. తరవాత ఆర్డర్లు పెరిగాయి, లారీలు వచ్చి గేటు దగ్గర నిలబడేవి. అలాంటి ఒక శుక్రవారం, కొత్తగా చేరిన పిల్ల ఒకతె తనంతట తనే వచ్చి, ఒక వరసంతా పట్టీ వదులుగా కట్టేశానండి అని చెప్పింది. ఏమైందో నాకు, నలుగురి ముందూ కళ్ళు నెత్తికెక్కాయా అని అరిచేశాను. పై శుక్రవారం గోనెపట్టా మీద ఒక్క అంటు కూడా లేదు. ఆహా, ఎంత బాగా కడుతున్నారని మురిసిపోయాను కూడా, తెలివితక్కువదాన్ని. నెల తిరగకుండా ఎరువు కోసం పెంటగొయ్యి తవ్వుతుంటే ఎండిన అంట్లు కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. ఆ పిల్ల అప్పటికే మానేసి వెళ్ళిపోయింది.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆ ఫోటోలు మానెయ్యమ్మా అని మేనకోడలితో అన్నాను. ఈ రోజుల్లో అవన్నీ కుదరవత్తా, ఎవరికి తీరిక అంది. నేను మాత్రం కుదుర్చుకున్నానా, ఏం మొహం పెట్టుకుని వాదించను? ఆ మధ్యాహ్నాలు, ఆ నవ్వులు, తప్పు చెప్పాక మనసు తేలికపడ్డ ఆ క్షణం, అన్నీ ఒక్కసారి కావాలనిపిస్తుంది. నా చివరి శుక్రవారం ఏదో కూడా నాకు గుర్తులేదు. కానీ ఆ పిల్ల గుర్తుంది. ఏ ఊళ్ళోనో ఏ షెడ్డులోనో ఇంకా అంట్లు కడుతూనే ఉంటుంది, ఈపాటికి తన కింద నలుగురు ఉండే ఉంటారు. మా అత్త నాకు చెప్పడం నేర్పింది, నేను ఆ పిల్లకి దాచుకోవడం నేర్పి పంపేశాను.