ట్యాంకులో గులాబీ రంగు

మా చెల్లెలు తలకు షాంపూ రుద్దుకుని, కళ్లు మూసుకుని షవర్ తిప్పింది. అది ఒక్కసారి గురక పెట్టి ఊరుకుంది. బకెట్లో చుక్క లేదు. కింద వంటింట్లో నేను దోసెలు పోస్తున్నాను, అక్కడి కొళాయి మాత్రం భేషుగ్గా వస్తోంది. "అక్కా! నీళ్లక్కా!" అని పైనుంచి ఒకటే కేకలు. చివరికి తాగే నీళ్ల క్యాను మెట్ల మీదుగా మోసుకెళ్లి దాని తల కడిగాను. అప్పుడు దానికి మూడో నెల.

తిరుపతికి తిరిగి వెళ్లాక ఈ కథంతా వాళ్ల అత్తకు చెప్పింది. ఉప్పూ కారం దట్టించే చెప్పి ఉంటుంది, దాని సంగతి నాకు తెలియనిదా. ఆవిడ మంచి మనిషే. నాకు ఫోన్ చేసి మెత్తగానే అంది.

"పుట్టినింటికి పంపల్లని నాకూ ఉండాది గదమ్మా. కానీ పసిబిడ్డకు పోసేదానికన్నా ఇంట్లో నీళ్లుండల్ల గదా. కాన్పు ఈడనే పెట్టుకుందాం లే."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ మండింది. అమ్మ పోయి నాలుగైదేళ్లయింది. అమ్మా నాయనా కాపురమున్న అద్దె ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. నాయన నా దగ్గరే ఉంటాడు. నేనూ మా ఆయనా నగరిలో ఈ పాత ఇల్లు కొన్నప్పుడు, ఇకమీదట మా చెల్లెలికి ఇదే పుట్టిల్లు అని నేను మనసులో రాసి పెట్టుకున్నాను. తొలి కాన్పుకు కూడా ఇక్కడికి రాకపోతే, తనకు పుట్టిల్లంటూ లేదని అది నమ్మేస్తుంది. పైకి అనదు, అదే నా భయం. సీమంతం లోపల ఈ ఇంటి నీళ్లను దారికి తేవాలని పట్టు పట్టాను.

మాది ఒకప్పుడు మగ్గాలు ఆడిన ఇల్లు. ఒక్కొక్కరు ఒక్కో కాలంలో వేసిన పైపులు గోడల మీద అల్లుకుని ఉండేవి. తుప్పు పట్టిన ఇనుప పైపుకు బూడిద రంగు ప్లాస్టిక్ పైపు, దానికి తెల్లది, మధ్యలో సైకిల్ ట్యూబు కట్టు. అచ్చంగా అతుకుల బొంత. వచ్చిన ప్రతి ప్లంబరూ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇది ఎవుడు చేసినాడమ్మా?" అని అడిగేవాడు. ఒకాయన రెండోసారి వచ్చి, తను చేసి వెళ్లిన అతుకు చూసి కూడా అదే అడిగాడు. మొత్తం పీకి కొత్తగా వేయడమొక్కటే మందని అందరిదీ ఒకే మాట. మా ఆయన నాయుడుపేటలో ఫ్యాక్టరీ పని చేసి ఆదివారం ఇంటికి వస్తాడు. ఆదివారం ఇల్లు పీకించుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

"అయితే నేనే చూస్తాను," అన్నాను.

నాయన పేపరు దించాడు. "ఆడోళ్లకు పైపుల పని తెలవదని నేను అనను మే. నాకూ తెలవదు. నాకే తెలవంది నీకు యాడ తెలస్తాదీ అంటా ఉండా."

ఆ మాటతో ఇక నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. చాక్‌పీసు పట్టుకుని పైపుల వెంట పడ్డాను. బోరు నీళ్లు ముందు వాకిట్లోని సంపులో పడతాయి, మోటరు వాటిని మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. అంతవరకు తేలికే. ట్యాంకు అడుగు నుంచి పైపులు దిగుతాయి, ఒక్కోదానికి ఒక గేటువాల్వు ఉంది. నేను ఒక్కో వాల్వు కట్టేసి "నాయనా, వస్తా ఉండాయా?" అని అరుస్తాను. ఆయన కింద కొళాయి తిప్పి "రాలా" అనో "వస్తా ఉండాయి" అనో అరుస్తాడు. వీధిలో వాళ్లు మేమిద్దరం పోట్లాడుకుంటున్నామనుకున్నారట. ఒక వాల్వు మాత్రం కట్టినా విప్పినా మా ఇంట్లో ఏ కొళాయికీ తేడా లేదు. పనికిరానిది కాబోలని వదిలేశాను. అనుమానం తీరేదాకా ఆగని మనిషిని ఆ ఒక్కదాన్ని ఎందుకు వదిలానో దేవుడికే తెలియాలి.

పైన బాత్‌రూం సంగతి తేలడానికి చాలా రోజులు పట్టలేదు. ట్యాంకు నుంచి దానికి పోయే పైపు తిన్నగా పోకుండా, పిట్టగోడ ఎక్కి, అవతలికి దిగి పోతుంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా ఆ ఎత్తులో గాలి చేరి కూర్చుంటుంది. మళ్లీ నీళ్లు నింపినా ఆ గాలి లేచి దారి ఇవ్వదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు గానీ, మధ్యలో గట్టు వస్తే పల్లం తెలిసి మాత్రం ఏం చేస్తుంది? సరిగ్గా ఆ గట్టు మీద ట్యాంకు కంటే ఎత్తుగా ఒక పైపు నిలబెట్టించి, దాని మూతి తెరిచి ఉంచాను. గాలి పోవడానికి దారి దొరికింది. షవర్ చినుకులు కాదు, జడివాన కురిపించింది. నాయన కింద నుంచి చూసి "సరే" అన్నాడు. ఆయన నోట సరే అంటే సన్మానం చేసినట్టే.

కానీ సాయంత్రం నిండుగా నింపిన ట్యాంకు తెల్లారేసరికి అడుగంటడం మానలేదు. ఎక్కడా తడి లేదు, గోడకు చెమ్మ లేదు. నీళ్లను ఎవరో మూట కట్టి ఎత్తుకుపోతున్నట్టే ఉండేది. సీమంతం దగ్గర పడింది.

అప్పుడు నాకు తట్టింది, ట్యాంకులో పసుపు కలిపితే నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కనపడుతుంది కదా అని. నాయనతో అంటే ఆయనకు పౌరుషం వచ్చింది. ఆయన కుర్రతనం నుంచి నూలుకు రంగు వేసిన మనిషి.

"పసుపు యాడ తేలతాదే? మన ఇంట్లో పుట్టి పసుపంటావా? రంగు ఉండాది నా కాడ."

పెట్టెలోంచి పాత పొట్లం తీశాడు. గులాబీ రంగు. "సిటికెడు చాలు," అన్నాడు. ట్యాంకు ఎంత పెద్దది, చిటికెడు ఎంత చిన్నది! నాకు చిటికెళ్ల మీద నమ్మకం లేదు. తాగే నీళ్లు ఎలాగూ క్యానువే కాబట్టి, పొద్దున్నే ట్యాంకు నింపి పొట్లం సగం కుమ్మరించాను.

కొళాయిలన్నీ గులాబీ రంగు కక్కాయి. బాత్‌రూం గచ్చు రంగు మారింది. చూసుకోకుండా జాడించిన నాయన పంచె పెళ్లికొడుకు పంచె అయింది. "రంగంటే అదీ! ఎన్నేండ్లయినా సచ్చిందా సూడు!" అని ఆయన పంచె సంగతి మరిచి మురిసిపోతున్నాడు. గోడలన్నీ వెతికాను. ఎక్కడా గులాబీ చెమ్మ లేదు. నా తెలివికి నేనే తల పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

అంతలో పక్కింటి అవ్వ పరుగు లాంటి నడకతో వచ్చింది. మా ఇంటికీ ఆమె ఇంటికీ ఒకటే గోడ. ఒంటరి మనిషి, ఎదురుపడితే పలకరింపే తప్ప రాకపోకలు లేవు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది.

"అమ్మా, మునిసిపాలిటీ వాళ్లు నీళ్లల్లో ఏందో మందు కలిపినారే! మీకూ ఇట్లే వస్తా ఉండాయా?" అని తువ్వాలు తీసింది.

దూదిలాంటి ఆమె తెల్లజుట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా గులాబీ రంగులో ఉంది.

నాయన అవ్వ వెంట వెళ్లి ఆమె ఇంట్లో కొళాయి తిప్పాడు. నేను మిద్దెక్కి, ఆ పనికిరాని వాల్వు కట్టేశాను. నాయన గోడ అవతలి నుంచి అరిచాడు: "నిలిసిపోయినాయి!"

అసలు సంగతి అప్పుడు తెలిసింది. మా ఇల్లూ అవ్వ ఇల్లూ ఒకప్పుడు ఒకటే. ఆమె భర్తా మరిదీ వేరుపడ్డప్పుడు మధ్యన గోడ లేపారు. మరిది వాటా చేతులు మారి మాకు వచ్చింది. "రోలు గూడా పంచుకున్నారమ్మా," అంది అవ్వ. "పైపు భూమిలో ఉండాది గదా, దాని మాట ఎవురికీ గ్యాపకం రాలా." ఆమె పెరటి బాత్‌రూంలో ఫ్లష్ ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బంతి ఎప్పుడో విరిగింది. మా నీళ్లన్నీ రాత్రంతా అందులోంచి సన్నగా జారిపోతున్నాయి.

"కోసెయ్ ఆ పైపుని," అన్నాడు నాయన. నేనూ కోయాలనే రంపం బ్లేడు పట్టుకుని వెళ్లాను. నా చెల్లెలి కాన్పు నీళ్లు వీళ్ల దొడ్డి పాలయ్యాయే అని ఒళ్లు మండుతోంది. అవ్వ పక్కకు జరిగి, "కొయ్యమ్మా. నాకు తెలిసుంటే ఇన్ని దినాలు వాడుకుందునా?" అంది. గులాబీ రంగు తలతో నిలబడ్డ మనిషి మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది? నాకు నవ్వు ఆగలేదు. ఆమె అద్దంలో చూసుకుని తనూ మొదలుపెట్టింది. పైపు కోయలేదు. కొత్త బంతి బిగించి వచ్చాను. మర్నాడు పొద్దున ట్యాంకు మూత తీస్తే నీళ్లు సగానికి పైగా ఉన్నాయి. మెట్లు దిగకుండా అక్కడి నుంచే చెల్లెలి అత్తకు ఫోన్ చేశాను.

ఆ వారమే అవ్వ వచ్చి గొణిగింది: "ఆ నీళ్ల సద్దు నాకు తోడుగా ఉండెనమ్మా. ఇంగ ఇల్లు మరీ గమ్మున అయిపోయింది." అయితే మా ఇంటికి వచ్చి కూర్చో అన్నాను. రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టింది. నాయనకు పేపరు చదివి వినిపించే శ్రోత దొరికింది.

ట్యాంకు కడిగించి, రంగు జాడ లేకుండా పోయేదాకా నీళ్లు మార్చాను. సీమంతం అయింది, చెల్లెలు వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. అంతా బాగుంది, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి బిడ్డకు నీళ్లు పోయవలసిన పొద్దు దాకా. అప్పుడు తెలిసింది, నీళ్లున్నాయి గానీ పోయడం మా ఇద్దరిలో ఎవరికీ రాదని. గుప్పెడంత బిడ్డ. పట్టుకుంటే జారుతుందేమోనని మళ్లీ పొత్తిళ్లలో పెట్టేశాను. చెల్లెలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మ ఉంటే అన్న మాట ఇద్దరం అనలేదు, ఇద్దరికీ వినిపించింది.

నాయన చప్పుడు చేయకుండా పక్కింటికి వెళ్లాడు.

అవ్వ వచ్చి, చీర పైకి దోపుకుని, గచ్చు మీద కాళ్లు చాపి కూర్చుంది. బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, "ఏమ్మా, పొయ్యి. సన్నగా పొయ్యి," అంది. నేను చెంబుతో పోశాను. ఆమె చేతులు బిడ్డ వీపు మీద, మెడ మడతల్లో, అరికాళ్ల మీద తొందర లేకుండా తిరిగాయి. బిడ్డ కేరుమని ఏడ్చి, ఏడ్చి, వేడికి సొక్కి అక్కడే నిద్రపోయింది. చెల్లెలు గుమ్మానికి ఆనుకుని నిలబడి, ముక్కు ఎగబీలుస్తూ చూస్తోంది.

"అక్కా," అంది, "రెండో కాన్పుకు గూడా ఈడికే వస్తా. ఇప్పుడే చెప్తా ఉండా."

ఆ ఒక్క మాట కోసమే నేను ఇన్ని నెలలు పైపుల్లో తల దూర్చింది. నోటితో మాత్రం, "ముందు దీనికి తువ్వాలు తేవే, బిడ్డకు చలేస్తా ఉండాది," అని కసిరాను. అది వెళ్లగానే మొహం అటు తిప్పుకున్నాను. అవ్వ చూసి, చూడనట్టే చెంబు కోసం చెయ్యి చాపింది.