మీటరు లేని క్వార్టరు

గోదావరిఖనిలో, తండ్రికి బొగ్గు కంపెనీ ఇచ్చిన క్వార్టరులో, ఏసీ కింద శాలువా కప్పుకుని రుత్విక్ భూగోళాన్ని కాపాడుతుంటాడు. దేశదేశాల ఔత్సాహికులు కలిసి రాసే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఎవరి పనికి ఎంత కరెంటు కాలి ఎంత కర్బనం వెలువడిందో తూచి, మితిమీరినదాన్ని తిరస్కరించే అధికారం అతనిది. తిరస్కరించేముందు కళ్లద్దాలు తుడుచుకోవడం అలవాటు. మొన్న అలా తుడుచుకుని ఖుష్నుమా పనిని తోసిపుచ్చాడు. అదే ఊళ్లో అద్దెగదిలో పాత కంప్యూటరుతో కుస్తీపట్టే ఆమె, ఇంటి మీటరు చూసి నిజాయితీగా లెక్క పంపింది. ఉద్యోగానికి చూపుకోవడానికి ఆమెకున్నది ఆ పని ఒక్కటే. అడగడానికి నేరుగా వచ్చింది.

“అన్నా, మరి నీ కంప్యూటర్‌ది, ఏసీది లెక్కేది?”

“క్వార్టర్ల మీటరే లేదు గద చెల్లె. నాది సున్న.”

“మీటర్ లేకుంటే బొగ్గు కాలదా?”

రుత్విక్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే నిబంధన సవరించాడు: ఇకపై మీటరు ఉన్నవారు మాత్రమే లెక్క చూపాలి.