కిరీటాలతో పాటు మేమూ

మా బాపు వానాకాలం పొలం చేసేవాడు, ఎండాకాలం వీధి భాగోతంలో రాజు వేషం కట్టేవాడు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక ఆడించేవాళ్లు లేక మేళం ఆగిపోయింది. పొనికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు మొయినాబాద్‌లో నా కుట్టుమిషన్ దుకాణానికి చేరాయి.

కొన్నేళ్లకు చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల పార్టీలు మొదలయ్యాయి. అవి జరిపించే కుర్రాడొకడు నా దుకాణంలో కిరీటం చూసి బండి ఆపాడు.

"ఇవి కిరాయికి ఇస్తారా అక్కా? శనివారం ఇరవై మంది రాజులు కావాలి."

మా దగ్గరున్నవి ఆరే. అయినా సరేనన్నాను. చేవెళ్ల నుంచి షాబాద్ దాకా తిరిగి, ఆగిపోయిన మేళాలవాళ్ల అటకల మీద ఎలుకలు కొట్టకుండా మిగిలినవన్నీ పోగుచేశాను. బాపు ఆట చూస్తూ పెరిగిన చేవెళ్ల బట్టల షావుకారు జరీ అంచులు ఊరికే ఇచ్చాడు. షాబాద్‌లో ముఖాలకు రంగులు వేసే పెద్దాయన తానూ వస్తానన్నాడు.

"మనుషులొద్దు అక్కా, సామాన్లు చాలు. మావాళ్లే కట్టుకుంటారు" అన్నాడు కుర్రాడు. బాపు ముఖం చిన్నబోయింది. సామాన్లు మాత్రమే మూటకట్టి పంపించేశాను.

శనివారం సాయంత్రం ఫోన్ మోగింది. "అక్కా, ఒక్క కిరీటం కూడా తలమీద నిలబడట్లేదు! జర రండి, ప్లీజ్!"

"వస్తం. కానీ ఇగ సామాన్లు ఒక్కటే ఇయ్యం. కట్టేటోళ్లు ఎంబడి వస్తరు. వాళ్ల పేర్లు మైకుల చెప్పాలె."

"అలాగే అక్కా, ముందు రండి!"

వద్దన్నా రంగుల పెట్టెతో పొద్దున్నే మా దుకాణానికి వచ్చేసిన షాబాద్ పెద్దాయన, బాపు, నేను ముగ్గురం ఆటో ఎక్కాం. పెద్దాయన రంగులు దిద్దాడు. బాపు ఒక్కొక్కరికీ నడుం బిగిస్తూ, "ఊపిరి పీల్చు బిడ్డా. రాజువి నువ్వు, గట్ల వంగి నడుస్తవా?" అని అడుగు వేయడం నేర్పాడు. ఇరవై మందీ గజ్జెలతో కదిలేసరికి కూర్చున్నవాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. మైకులో బాపు పేరు చెప్పారు. ఎవరూ అడగకుండానే ఆయన రాజు ప్రవేశించే పాట ఎత్తుకున్నాడు. ఆ గొంతులో పాట విని పదేళ్లయింది నాకు. కళ్లు తుడుచుకుందామంటే తీరిక లేదు, ఒక రాజుగారి ధోవతి జారిపోతోంది.

ఆ తర్వాత ఒక కంపెనీ వాళ్లు చెప్పి మరో కంపెనీ వాళ్లు పిలిచారు. వేషాలు మానేసిన ఊళ్లవాళ్లు ఒక్కొక్కరే మాతో కలిశారు. మొదటిసారి నగరంలోని అద్దాల ఆఫీసుకు వెళ్లినప్పుడు గేటు దగ్గర మమ్మల్ని ఆపి, ఏ కంపెనీయో రిజిస్టర్‌లో రాయమన్నారు. నేను తడబడుతుంటే బాపు పెన్ను అందుకుని పెద్ద అక్షరాలతో రాశాడు: "మా బిడ్డ కంపెనీ, మొయినాబాద్."