మార్చి ముప్పై ఒకటి నాటి కారం మిల్లు

2023 మే నెల, గుంటూరు. చిన్న కంపెనీల్లో వాటా తీసుకుని పెట్టుబడి పెట్టే సంస్థ మాది. దేంట్లో పెట్టాలో, దేన్ని వదిలేయాలో లెక్కగట్టే పని నాది. అప్పుడే షమీమ్ గారు మా దగ్గర చేరారు. పదకొండేళ్ళు ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ రాసి, ఆ స్థిరమైన ఉద్యోగం వదులుకుని వచ్చారు. మూడు నెలలు ప్రొబేషన్. ఈలోపు మాకు నచ్చకపోతే పంపించేయొచ్చు.

నాకు నచ్చలేదు. "ఐదేళ్ళ తర్వాత ఒక కంపెనీ విలువెంతో ఎలా చెప్తారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే, "జరగనిది ఎలా రాస్తామండీ?" అన్నారావిడ. ఫైనాన్స్ అంటేనే జరగబోయేదాని మీద పందెం. జమాఖర్చులు రాసుకునే మనిషికి ఇక్కడ పనేమిటని మేనేజరుతో అన్నాను కూడా. ఎంబీఏ చదివిన పొగరు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ నెలలోనే ప్రత్తిపాడు దగ్గర కారం మిల్లు నడిపే వెంకట్రావు గారి ఫైలు వచ్చింది. బాలెన్స్ షీట్ చూస్తే స్టాకు నిండా మిరపకాయలు, పీకల దాకా బ్యాంకు అప్పు. ఇలా సరుకులో చిక్కుకునే డబ్బు వర్కింగ్ క్యాపిటల్‌లో, అంటే వ్యాపారం రోజూ నడవడానికి కావలసిన డబ్బులో, ముఖ్యమైన భాగం. ఏడాది పొడవునా ఎనిమిది నెలల సరుకు ఇలాగే ఇరుక్కుని ఉంటుందని తేల్చి, 'మునిగే మిల్లు' అని ఫైలు మీద పెన్నుతో రాసేశాను. పద్ధతి కోసం షమీమ్ గారికి చూపించాను.

ఆవిడ పైనున్న తేదీ మీద వేలు పెట్టారు.

"సార్, ఇది మార్చి ముప్పై ఒకటి నాటిది."

"అందరిదీ ఆ రోజేగా!"

"అందరూ మిరపకాయలు కొనరు కదండీ. ఏడాదికి సరిపడా కాయ ఈ సీజన్లోనే కొని కోల్డ్ స్టోరేజిలో పెట్టుకోవాలి. పెళ్ళి రోజున వచ్చి, ఈ ఇంట్లో రోజూ ఐదొందల మంది తింటారనుకుంటే ఎలాగండీ?"

కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. మర్నాడు వెంకట్రావు గారిని వెంటబెట్టుకుని ఇద్దరం కోల్డ్ స్టోరేజికి వెళ్ళాం. నాలుగేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని, ఏ నెల ఎన్ని బస్తాలు బయటికెళ్ళాయో ఆవిడ రాసుకున్నారు. ఏ ఏడాది చూసినా నవంబరు చివరికి సరుకు దాదాపు ఖాళీ. బ్యాంకు కాగితాలు చూస్తే అప్పూ అప్పటికి తీరిపోయేది.

"ఏమ్మా, ఇంతకుముందు వచ్చినోళ్ళంతా కంప్యూటర్ చూసుకుని పోయారు. నువ్వొక్కదానివే రిజిస్టరు అడిగావు!" అన్నారు వెంకట్రావు గారు, షెడ్డంతా వినబడేలా.

అయినా అది జరిగిపోయిన లెక్కే. పెట్టుబడులు మంజూరు చేసే మా కమిటీకి కావలసింది రేపటి సంగతి. "2021లో లాగా మళ్ళీ నల్ల తామర పురుగు వచ్చి మిరప పంట పోతే ఈ మిల్లు నిలబడుతుందా? రాసుకు రండి. మీ ప్రొబేషన్ సంగతి దాన్నిబట్టే" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మూడుసార్లు రాసి తెచ్చారు, మూడుసార్లూ తిప్పి పంపాను. ఇక్కడ మాత్రం పాత అలవాటు ఆవిడకి అడ్డమే వచ్చింది. రసీదు లేని అంకె వేయడానికి చెయ్యి రాదు. చివరికి మళ్ళీ పాత పుస్తకాలే తీశారు. పురుగు పడ్డ ఏడాది వెంకట్రావు గారు కాయ ఏ రేటుకి కొన్నారు, కారం ధర ఎన్ని నెలలకి పెంచగలిగారు, ఏ కొనుగోలుదారు నిలబడ్డాడు, ఇవన్నీ పట్టుకుని అక్కణ్ణుంచి మూడేళ్ళు ముందుకి లెక్క కట్టారు. అంత నికరమైన వాల్యుయేషన్ నేను అంతవరకూ చూడలేదు. నిజంగా గర్వమనిపించింది. కమిటీ పెట్టుబడికి ఒప్పుకుంది. ఆవిడ ఉద్యోగం ఖాయమైంది.

"మొత్తానికి జరగనిది రాశారు కదండీ!" అని ఏడిపించాను.

"రాశాను సార్. పెన్సిల్‌తో" అన్నారావిడ.

అకౌంట్స్ చదివితే ఫైనాన్స్‌లో పనికొస్తుందా అని పిల్లలు నన్ను అడుగుతుంటారు. పనికొస్తుంది. జరిగినదాన్ని చదవడం వస్తుంది. జరగబోయేదాని మీద అంకె వేసే తెగువ మాత్రం విడిగా నేర్చుకోవాలి. షమీమ్ గారు దాన్ని మూడు నెలల్లో నేర్చుకున్నారు. రిజిస్టరు అడగాలని తెలియడానికి నాకు ఈ పనిలో పన్నెండేళ్ళు పట్టింది. నేను పెన్నుతో రాసిన 'మునిగే మిల్లు' కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది.