రెండు తాళాలు, ఒక పులస

అచ్చాయమ్మ ఓటేసిన గుర్తు గెలిచిన సార్లున్నాయి, ఓడిన సార్లూ ఉన్నాయి. ఏది జరిగినా ఆమె మాత్రం ఎవరికీ గుర్తుండదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి వెనకాల చేపల గంప ఎత్తిన మనిషి. ఇప్పుడు తనే అత్తగారైంది. అయినా రావులపాలెం అవతల ఏటిగట్టు మీద ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ అదే గంప ముందు కూర్చుంటోంది. "చేప ఎండితే ఎండుచేపన్నా అవుద్ది, నాకా యోగం కూడా లేదు" అని తన మీద తనే జోకులేసుకుంటుంది.

అలాగని నీడ లేదా అంటే, ఉంది. చేపలవాళ్ళ కోసం కట్టిన షెడ్డు ఆమె ఎదురుగానే ఉంది. రేకులు వేశారు, గచ్చు చేశారు, కుళాయి కూడా పెట్టారు. తీరా రిబ్బను కత్తిరించేలోగా ప్రభుత్వం మారిపోయింది. కట్టించింది మేము గనక తెరిచేదీ మేమేనని పాత పార్టీ సర్పంచి వీరభద్రం గేటుకి తాళం వేశాడు. ఇప్పుడున్నది మా ప్రభుత్వమని కొత్త పార్టీ ఎంపీటీసీ గణేష్‌బాబు దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. ఇక చూస్కోండి, రోజూ ప్రెస్‌మీట్లే. ఆయన ఈయన్ని దొంగంటాడు, ఈయన ఆయన్ని గజదొంగంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఊరు తలూపుతుంది. షెడ్డులో పావురాలు మాత్రం ఎవర్నీ అడక్కుండా కాపురం పెట్టేశాయి.

ఈ ఏడాది వానలు గట్టిగా పట్టాయి. అచ్చాయమ్మ పక్కన చేపలమ్మే వీరమ్మ తడిసి తడిసి జ్వరం తెచ్చుకుంది. తగ్గీ తగ్గకముందే మళ్ళీ వచ్చి అదే బురదలో కూర్చుని దగ్గుతోంది. అది చూసి అచ్చాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఈ వానాకాలం కూడా షెడ్డు తెరవకపోతే వీరమ్మ దక్కేలా లేదు.

ఇంతలో గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి. సముద్రంలో ఉన్నంతకాలం విలస, ఆ ఎర్రనీళ్ళకి ఎదురీది వస్తే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, నాయకులకైతే పుస్తెలమ్మే పని కూడా లేదు. అచ్చాయమ్మ దగ్గర పులస ఉందని, ఒక్కటే ఉందని పొద్దున్నే ఇద్దరి ఇళ్ళకీ కబురు చేరింది. చేరవేయించింది అచ్చాయమ్మే.

ముసురులో గొడుగులేసుకుని ఇద్దరూ దిగారు.

"పులస నాకే ఇవ్వాలి అచ్చాయమ్మా," అన్నాడు వీరభద్రం.

"నేను ముందే మనిషిని పంపాను," అన్నాడు గణేష్‌బాబు.

"ఆయ్, చెరిసగం ఇస్తానండి. కానీ ఇక్కడ కొయ్యనండి. కోసిన పులస మీద వాన చినుకు పడితే రుచి పోద్దండి. ఆ షెడ్డు తీస్తే కోస్తాను."

అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. కానీ పులస విషయంలో రిస్కు తీసుకునే మగాడు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడే తాళాలు తీశారు. తల వైపు నాకంటే నాకని అక్కడే తగువు మొదలెట్టారు. ఆ సందట్లో అచ్చాయమ్మ గేటుకి వేలాడుతున్న తాళాలు రెండూ గంప అడుక్కి తోసేసి లోపలికి నడిచింది. వెనకాలే వీరమ్మ, ఆ వెనకాల మిగతా చేపలవాళ్ళందరూ.

పంపకాలయ్యాక వీరభద్రం గేటు వైపు చూశాడు. "ఇక బయటికి రండమ్మా, ప్రారంభోత్సవం అయ్యాక కూర్చుందురు గాని. నా తాళం ఏదీ?"

"నాదీ లేదు," అన్నాడు గణేష్‌బాబు.

అచ్చాయమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "వారు తీసుకున్నారేమోనండి," అంది, ఎవరి వైపూ చూడకుండా.

అంతే. ఈయన జేబులు చూపించమని ఆయన, ఆయన కారు వెతకాలని ఈయన. సాయంత్రానికి రెండు ప్రెస్‌మీట్లయ్యాయి. తాళం దొంగ తేలేదాకా అవతలివాడు గేటుకి కొత్త తాళం వేస్తే ఊరుకునేది లేదని ఇద్దరూ శపథం చేశారు. పనిలో పనిగా, గోదారి పులస రుచే వేరని కూడా ఇద్దరూ సెలవిచ్చారు. షెడ్డు ఇప్పటికీ తెరిచే ఉంది.

ఆ సాయంత్రం రేకుల మీద వాన దంచుతుంటే, పొడి గచ్చు మీద కాళ్ళు చాపుకుని వీరమ్మ మెల్లగా అడిగింది.

"అక్కా, అది విలస కదా. పులస అని చెప్పి అంటగట్టేశావు, పాపం కాదేంటి?"

"అయిదేళ్ళకోసారి వాళ్ళు మనకి అంటగట్టేది ఏంటే మరి?" అంది అచ్చాయమ్మ.