బళ్ళారి అక్కకు కుట్టించిన బొంత

ఆ రోజుల్లో పాత బట్టకు ఒక దారి ఉండేది. కట్టుకున్నన్నాళ్ళు చీర, చిరిగాక పిల్లకు లంగా, లంగా కూడా చిరిగితే ఉయ్యాల గుడ్డ, ఆపైన బొంతలో ఒక పొర, ఆఖరికి పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డ. ఇంట్లోకి వచ్చిన గుడ్డ ఇంట్లోనే బూడిదయ్యేది. ఆ దారికి నేను అడ్డంపడి, "మీ పాత చీరలో ఒక ముక్క ఇవ్వండి" అని నలుగురినీ అడిగిన పాపానికి, ఊరు ఊరంతా నన్ను ఎంత ఆడించిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. (ఆ రోజులంటే మరీ పూర్వమేమీ కాదు. మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలో కలిసిన కాలం. కానీ చంటిబిడ్డ తల్లికి మొన్నమొన్నటి సంగతి కూడా పూర్వయుగంలాగే కనిపిస్తుంది.)

అప్పుడు నేను ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో టీచరును. మావారు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. వారమంతా నేను ఎమ్మిగనూరులో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఆదోనికి పోయేదాన్ని. ఈ ఏర్పాటుకు మా అత్త ఒప్పుకోవడమే గొప్ప. ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టింది. "సదువుకున్నావు, పని సేస్తానంటాండావు, సేయి. కడుపులో నలుసు పడినంక మాత్రం బడి మొగం సూడగూడదు." నేను సరేనని తల ఊపాను. అప్పుడే బి.ఏ. పూర్తిచేసిన ఉత్సాహంలో నలుసన్నది ఎక్కడో దూరదేశపు సంగతిలాగా అనిపించింది. కానీ ఉద్యోగంలో చేరాక తెలిసింది, నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్క పట్టుకున్నప్పుడు నేను నేనుగా ఉంటానని. ఆ బడి పోతే నాకు ఏమీ మిగలదనుకునేదాన్ని. అందుకని నలుసు మాట ఎత్తితే చాలు, నాకు గుండె దడ.

ఎమ్మిగనూరులో నేనూ, లెక్కలు చెప్పే పెద్దామె ఒకరూ కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆమెది బళ్ళారి, ఇంట్లో మాట కన్నడం. బడిలో అందరికీ ఆమె బళ్ళారి అక్క. నేను చేరిన మొదటిరోజు పిల్లలు నా గొంతు విని కిసుక్కున నవ్వితే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అక్క మా తరగతి గుమ్మంలో కుర్చీ వేసుకుని, పరీక్ష కాగితాలు దిద్దుతున్నట్టు కూర్చుంది. పిల్లలు నోరెత్తలేదు. వారం రోజులు అట్లా నాకు కాపలా కాసి, ఒకరోజు ఏమీ చెప్పకుండానే కుర్చీ తీసుకుపోయింది. అటువంటి మనిషి. ఆమెకున్న బలహీనత ఒక్కటే, చలి. మా వైపు ఎండకు రాళ్ళు పగులుతుంటే కూడా ఆమె సాయంత్రం కాగానే శాలువా కప్పుకుని, "మా అమ్మ కుట్టిన కౌది ఉంటే ఎంత హాయిగా ఉండేది" అనేది. కౌది అంటే మన బొంతే. వాళ్ళ అమ్మ ఇంట్లో వాళ్ళందరి పాతబట్టలూ కలిపి కుట్టేదట. కప్పుకుంటే ఇది నాయన పంచె, ఇది పెద్దమ్మ రవిక అని చేత్తో తడిమి చెప్పొచ్చట. రాష్ట్రాలు వేరుపడేసరికి అక్క సొంత ఊరికి పోతానని రాసి ఇచ్చింది. ఆమెకు వీడుకోలు సభ ఖాయమైంది. అందరూ వెండి కుంకుమభరిణె ఇద్దామన్నారు. నాకు మాత్రం బడిలో అందరి బట్టలూ కలిపి ఒక బొంత కుట్టించి ఇవ్వాలని బుద్ధి పుట్టింది. ఆ బుద్ధికి నేనే మురిసిపోయాను కూడా.

అక్కకు తెలియకూడదు గదా. పక్కనే ఉండే మనిషి. అందుకని ఎవరికీ కారణం చెప్పలేదు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "మీ పాత చీరలో ఒక ముక్క కావాలి. బాగా ఉతికి ఉతికి మెత్తబడింది అయితే మంచిది. ఎందుకని అడగొద్దు, తరువాత మీకే తెలుస్తుంది" అని నవ్వాను. (ఆ నవ్వే కొంప ముంచింది.) మా హెడ్మిస్ట్రెస్సు పెద్ద టీచరమ్మ కళ్ళద్దాలలోంచి నన్ను కిందికీ మీదికీ చూసి, మరునాడు పసుపు అంచు చీర ముక్క తెచ్చింది. మా బడిలో ఏకైక మగ ప్రాణి డ్రిల్లు సారు, ఆయన ఇంట్లో పాత చీరలన్నీ అప్పటికే మసిగుడ్డలైపోయాయని చెప్పి, సిగ్గుపడుతూ తన బనియను ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. గంట కొట్టే ఆయా అయితే ముక్క కాదు, చీరే తెచ్చి నా చేతిలో పెట్టి, "తల్లీ, ఇది మా అమ్మది. తొంబై ఏండ్లు బతికింది. ఆ ఆయుస్సు అంతా దీంట్లోనే ఉండాది" అంది. ఎంత మంచి మనసో అనుకున్నాను. అన్నీ మూటకట్టి, సాలెవాళ్ళ వీధిలో బొంతలు కుట్టే అవ్వకిచ్చి, ఇది బళ్ళారి అక్కకని చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను. ఊరు మొత్తంలో నోరు కట్టుకున్న మనిషి ఆ అవ్వ ఒక్కతే. నన్ను ఆదుకోగలిగిన నోరూ అదొక్కటే. ఏం చెప్పమంటారు.

ఆ తరువాత బడిలో నా గౌరవం పెరిగింది. అబద్ధం చెప్పను, నా పాఠాల మహిమే అనుకున్నాను. నేను తరగతిలోకి పోతే పిల్లలు గుసగుసలాడి, వెంటనే నిశ్శబ్దమయ్యేవాళ్ళు. డ్రిల్లు సారు నా చేతిలోని పుస్తకాల కట్ట లాక్కుని తను మోసేవాడు. ఆయా రోజూ కొంగు ముడిలో చింతకాయలు తెచ్చి బల్ల మీద పెట్టేది. పెద్ద టీచరమ్మ, అప్పటిదాకా నేను ఆలస్యంగా వస్తే గడియారం వైపు చూసే మనిషి, "మెల్లగా రామ్మా, తొందరేముంది" అనసాగింది. ఒకరోజు చరిత్ర పాఠం మధ్యలో ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు కూసోని సెప్పండి, నిలబడితే కాళ్ళు వాస్తాయంట" అంది. ఎంత బుద్ధిమంతురాలు అని ఆ పిల్ల వీపు తట్టాను. నాకంటే తెలివితక్కువ పట్టభద్రురాలు ఈ జిల్లాలో ఉంటే నాకు చూపించండి.

ఆ శనివారం ఆదోనిలో బస్సు దిగి ఇంటికి పోయేసరికి, గుమ్మంలోనే మా అత్త దిష్టి తీసే నీళ్ళతో ఎదురైంది. లోపల మావారు తల నిండా దూది అంటించుకుని, ఒళ్ళో జామపండ్ల పొట్లం పెట్టుకుని, ఎవరో బహుమానం ఇచ్చినట్టు కూర్చుని ఉన్నారు.

"నాకు చెప్పకపోతివే. బస్సు కండక్టరు చెప్తే తెలుసుకోవాల్సి వచ్చింది" అన్నారు.

"ఏమిటి చెప్పేది?"

"మీ బడి ఆయా అల్లుడే గదా ఆ కండక్టరు. పాతబట్టలు ఏరుకుంటాండావంట గదా, బొంతకు."

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు పుట్టబోయే బిడ్డను కొత్తగుడ్డలో వేయరు. పలు ఇండ్ల పాతగుడ్డలు మెత్తటివి చూసి, అడిగి తెచ్చి బొంత కుడతారు. అందరి ఆయుష్షూ బిడ్డకు వస్తుందని. పెళ్ళయిన పిల్ల నవ్వుతూ మెత్తటి పాతగుడ్డ అడిగిందంటే ఇక్కడ ఇంకో అర్థం లేదు. హాస్టళ్ళలో పెరిగిన నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"అత్తా, అట్లాంటిదేమీ లేదు" అన్నాను.

"అట్లే అనల్ల మే. మూడు నెల్లు నిండేదాక ఎవురడిగినా లేదనే సెప్పల్ల. తెలివైన పిల్లవే" అని అత్త నా గడ్డం పట్టుకుంది.

"నిజంగానే లేదత్తా. ఆ బొంత మా బళ్ళారి అక్కకు. ఊరికి పోతాంది గదా, బహుమానంగా ఇద్దామని."

అత్త నా వైపు జాలిగా చూసింది. "పెద్దమనిషి ఊరిడిసి పోతాంటే ఊరోళ్ళ సినిగిన గుడ్డలు బహుమానమిస్తారా యాడన్నా? అబద్దమాడినా నమ్మేట్టు ఆడల్ల."

నిజం చెప్తే అబద్ధమంటారు. లేదంటే ఉందంటారు. మావారేమో మధ్యలో జామపండు కోసి ఉప్పుకారం అద్ది ఇస్తారు. నేను కోపంతో ఆ పండు తిననని పళ్ళెం తోసేస్తే, "వికారం మొదలైనట్టుంది" అని తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైగా అత్త అప్పటికే చేయాల్సిన పనులన్నీ చేసేసింది. మంత్రాలయానికి పోతానని మొక్కుకుంది. పక్కింటి వాళ్ళకు బెల్లం పంచింది. ఆ కండక్టరు చేతనే పెద్ద టీచరమ్మకు కబురు పంపింది, వీడుకోలు సభ అయ్యాక మా కోడలు ఇంక బడికి రాదని, ఆ రోజు తనే వచ్చి సామాను తీసుకుపోతానని. నా ఉద్యోగం నాకు తెలియకుండానే, ఒక బస్సు కండక్టరు నోటి మాట మీద ఊడిపోయింది. రాజీనామా రాసే కష్టం కూడా నాకు పెట్టలేదు.

సోమవారం బడికి పోయి పెద్ద టీచరమ్మతో మొత్తుకున్నాను. ఆమె చిరునవ్వుతో విన్నది. "సిగ్గుపడొద్దమ్మా. నీ చోటు గురించి బెంగ పెట్టుకోవద్దు. మా తమ్ముడి కూతురు ఖాళీగానే ఉంది, పైవాళ్ళతో మాట్లాడాను" అంది. ఆ పిల్ల బి.ఏ. కాదు గదా, ఇంటర్మీడియట్ కూడా గట్టెక్కలేదు. ఇంతకాలం నా పట్ల ఆమె చూపిన దయ ఎక్కడ నుంచి పుట్టిందో అప్పుడర్థమైంది.

సభ నాడు మా అత్త ఖాళీ ట్రంకుపెట్టె పట్టుకుని బస్సు దిగింది. చంకలో ఇంకో చిన్న మూట. బడి హాలులో టీచర్లకు కుర్చీలు వేశారు. నేను అవ్వ దగ్గర నుంచి బొంత తెచ్చేసరికి, నా కుర్చీలో జడకు కొత్త రిబ్బను కట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. పెద్ద టీచరమ్మ తమ్ముడి కూతురు. నన్ను చూసి లేవను కూడా లేవలేదు. నాకు ఒళ్ళు భగ్గుమంది. ఉపన్యాసాలయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను. కుంకుమభరిణె ఇవ్వడం కాగానే, ఎవరూ పిలవకపోయినా ముందుకు పోయి, ఆ బొంతను బల్ల మీద పరిచాను.

పరిస్తే బల్ల చాలలేదు. రెండు పక్కలా నేలకు జారింది. నిలువెత్తు మనిషిని తల నుంచి కాళ్ళ దాకా కప్పే బొంత. నట్టనడుమ, అవ్వకు తెల్లటి గుడ్డ అదొక్కటే దొరికినందువల్ల, డ్రిల్లు సారు బనియను వెలిగిపోతూ ఉంది. మొదట ఆయా లేచింది.

"ఇంత పెద్ద బొంతేంటికి తల్లీ?"

"బళ్ళారి అక్కకు. ఆమెకు చలి" అన్నాను. "అందరి గుడ్డలూ ఉన్నాయి. నాది కూడా ఉంది, ఆ మూల నీలం ముక్క."

బళ్ళారి అక్క వచ్చి, చేత్తో తడమడం మొదలుపెట్టింది. ఇది ఆయాది, ఇది పెద్ద టీచరమ్మది అనుకుంటూ పోయి, బనియను దగ్గర ఆగింది. డ్రిల్లు సారు ఎర్రబడిపోయి కిటికీ వైపు తిరిగాడు. అక్క నవ్వుతూనే ఏడ్చింది. ఆయా మాత్రం, "మా అమ్మ ఆయుస్సు బళ్ళారికి పోతాందే" అని గొణిగింది.

నేను మా అత్త వైపు చూసే ధైర్యం వెంటనే చేయలేదు. చూసేసరికి ఆమె చంకలోని మూట గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. మొహం చిన్నబోయింది. అంత కోపంలోనూ నాకు జాలేసింది. కానీ అప్పుడే పెద్ద టీచరమ్మ నోరు తెరిచి నా నెత్తిన పాలు పోసింది.

"సరే, పొరపాటయింది. ఇప్పుడు కాకపోతే రేపు, ఎట్లాగూ మానేదే గదా. ఈ పిల్ల వచ్చేసింది, దీన్నే ఉండనిద్దాం" అంది.

మా అత్త ట్రంకుపెట్టె దబ్బున కింద పెట్టింది. "ఎవురు మానేది?"

"మీరే గదా కబురు పంపినారు."

"పంపినాను. నా కోడలు మానల్లా వద్దా అని సెప్పేది నేను. నువ్వెవరు తల్లీ? నా కోడలు కుర్సీలో నీ తమ్ముని కూతుర్ని కూసోబెట్టుకోను నీకెవురు సెప్పినారు?" అని, ఆ పిల్ల వైపు తిరిగి, "లెయ్యి పాపా" అంది. ఆ పిల్ల లేచింది.

"రేపు కాన్పు వస్తే?" అని పెద్ద టీచరమ్మ వదలలేదు.

"వస్తే కంటాది. కని, బిడ్డను నాకిచ్చి, మళ్ళ వచ్చి ఈడనే కూసుంటాది. ఎత్తుకోను నాకు సేతులు ల్యావా?"

అంతమంది ముందర, పిల్లలతో సహా, అనేసింది. అన్నాక తను ఏమన్నదో తనకే తెలిసినట్టుంది, గభాలున మూట తీసి నా చేతిలో కుక్కి, ట్రంకుపెట్టె ఎత్తుకుని బస్సుకు నడిచింది. మూటలో ఆమె పెళ్ళినాటి చీర, వెన్నలాగా మెత్తబడి, నాలుగు మడతలుగా ఉంది. మనవడి బొంతకని తెచ్చింది.

ఆ చీర ఇప్పుడు పనికొచ్చింది. నిజంగా నెల తప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు లెండి. "ఈసారి ఎవురికి బొంత?" అని అడిగారు. మావారయితే కండక్టరు చెప్పేదాకా నమ్మనన్నారు. నా కొడుకు ఆ చీరతో కుట్టిన బొంత మీదే నిద్రపోతున్నాడు. వాడు నిద్రలో మూతి విరిచినా లేచి పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. సెలవు అయిపోయింది, సోమవారం నుంచి బడి. ఈ సాయంత్రం అత్తతో మెల్లగా అన్నాను, వాడు ఇంకా పసివాడు గదా, ఈ ఏటికి మానేస్తే ఎట్లా ఉంటుందని. అత్త పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"అంతమంది ముందర మాటిచ్చినా. ఆ పెద్ద టీచరమ్మ ఎదుట నా మాట పోగొడతావా మే? పోవల్ల" అంది.

ఆ కుర్చీ కోసం భగ్గుమన్న ఆనాటి నేను ఎక్కడికి పోయానో. సోమవారం బస్సులో వెతుక్కోవాలి.